చూరు కింద చుట్టరికం

తన కడుపున పిల్లలు పుట్టకపోయినా తోబుట్టువుల కోసం బతుకంతా చాకిరీ చేసే కందిరీగ, తేనెటీగ, చీమ... ఆ గుణం రక్తంలో ఉందా, తినే తిండిలో ఉందా, చుట్టూ ఉన్న అవసరంలో ఉందా? బెంగళూరు కిటికీల నుంచి కాకినాడ మెడికల్ కాలేజీ దాకా సాగిన ఓ వెతుకులాట.

చిలకలపూడిలో గాజు ఒక్కరి చేతి మీదుగా బయటికి రాదు. పోత పోసేది ఒకరు, అతుకు పెట్టేది ఒకరు, రాళ్లు పొదిగేది ఇంకొకరు, పూత వేసి మెరుగు పెట్టేది మరొకరు. బందరు రోల్డ్‌గోల్డ్ అని పేరుపడ్డ కవరింగ్ నగ ఏదైనా అంతే, నాలుగు చేతులు దాటితేగానీ పెట్టెలోకి చేరదు.

అక్కడే ఏ పాత పెంకుటింటి చూరు కిందో తలెత్తి చూడండి. ఇంకో కార్ఖానా నడుస్తుంటుంది. సన్నటి కాడకు వేలాడే బూడిదరంగు కాగితపు గదులు. వాటి మీద పసుపు గీతలున్న గోధుమరంగు కందిరీగలు. ఒకటి ఎండుకర్రను గీకి, ఉమ్మితో కలిపి, గోడలకు గుజ్జు తెస్తుంది. ఒకటి పట్టుకొచ్చిన పురుగును నమిలి ముద్ద చేసి గదుల్లోని పిల్లలకు పంచుతుంది. ఇంకొకటి కాపలా. గుడ్లు పెట్టేది మాత్రం ఒక్కటే.

నగల కార్ఖానాలో చేసినవాళ్లకు బట్వాడా ఉంటుంది. గూటిలో ఏముంది? కూలి లేదు, సొంత పిల్లలూ లేరు. మరెందుకు చేస్తున్నట్టు?

చిన్నప్పుడు అటు చెయ్యి చాపితే "దాని జోలికి పోకురా, కుడితే వాచిపోద్ది" అని మామ్మ కేకేసేది. మామ్మకు అది కుట్టే పురుగు. డార్విన్‌కు కొరుకుడుపడని పురుగు. ఎక్కువ పిల్లల్ని మిగిల్చిన జీవి లక్షణాలే ముందు తరాలకు చేరతాయన్నది ఆయన సిద్ధాంతం. అసలు పిల్లల్నే కనని కూలి చీమ లక్షణం తరాలు దాటి ఎలా వచ్చింది? ఈ ఒక్క ప్రశ్న తన సిద్ధాంతానికే ఎసరు పెడుతుందేమోనని మొదట అనిపించినట్టు 1859 నాటి పుస్తకంలో ఆయనే ఒప్పుకున్నాడు. ఈ ముడి విప్పడానికి ఆ తర్వాత ఎందరో తమ పిహెచ్‌.డి. ఏళ్లు ధారపోశారు. ఆ కథలో మన తీరానికీ, మన చూరు కింది కందిరీగకూ చోటుంది.

బందరు కాలువలో పిల్లాడు

బందరు కాలువలో ఒక పిల్లాడు కొట్టుకుపోతున్నాడు. గట్టు మీద మీరున్నారు. దూకితే పిల్లాడు దక్కుతాడు గానీ, పదింట ఒకసారి మీ ప్రాణం పోతుంది. దూకుతారా?

కాలువ మనది, ప్రశ్న మాత్రం జె.బి.ఎస్‌. హాల్డేన్‌ది. జన్యుశాస్త్రానికి గణితపు పునాది వేసిన ముగ్గురిలో ఒకరైన ఈ బ్రిటిష్ శాస్త్రవేత్త 1955లో ఒక వ్యాసంలో ఇలా లెక్క కట్టాడు. దూకే తెగువ ఒక అరుదైన జన్యువు వల్ల వచ్చిందనుకుందాం. నీళ్లలో ఉన్నది మీ బిడ్డో, తోబుట్టువో అయితే వాడిలోనూ ఆ జన్యువు ఉండే అవకాశం సగం. పదిసార్లు దూకితే ఐదు ప్రతులు దక్కుతాయి, పోయేది ఒకటి. జన్యువుకు లాభమే. పినతల్లి కొడుకో, మేనమామ కొడుకో అయితే వాటా ఎనిమిదో వంతు, లాభం బొటాబొటి. ముక్కూమొహం తెలియనివాడైతే నష్టం.

ఇంత చెప్పి ఆయనే ఒక చురక వేసుకున్నాడు. తాను రెండుసార్లు మునిగిపోతున్నట్టున్న మనుషుల్ని నీళ్లలోంచి లాగాడట. ఆ క్షణంలో ఇలాంటి లెక్కలకు తీరిక దొరకలేదట. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో పక్కింటివాడి చెయ్యి అందుకున్న దివిసీమ మనిషి కూడా వేళ్లు మడిచి చుట్టరికం లెక్కపెట్టుకోలేదు. మనుషులకు లెక్కలకు అందనివి చాలా ఉంటాయి. మరి నువ్వుగింజంత మెదడున్న ఈగకు?

హాల్డేన్ 1957లో లండన్ వదిలి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చేశాడు. భారత పౌరసత్వం తీసుకున్నాడు, కుర్తా తొడిగాడు, మాంసం మానేశాడు. ఆయన దగ్గర పరిశోధనకు చేరిన కుర్రాళ్లలో ఒకరు మన పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు. తోటలో రంగురంగుల లాంటానా పూల ముందు నిలబడి, ఏ రంగు పువ్వు మీద ఏ జాతి సీతాకోకచిలుక వాలుతోందో లెక్కపెట్టడం ఆయన తొలి పనుల్లో ఒకటి. పెద్ద పరికరాలేమీ అక్కర్లేని ఆ పరిశీలన 1960లో 'నేచర్' పత్రికలో అచ్చయింది. తర్వాతి కాలంలో అమెరికాలో స్థిరపడ్డ ద్రోణంరాజు, గురువు జీవితాన్ని పుస్తకాలుగా రాశారు.

హాల్డేన్ భార్య హెలెన్ స్పర్వే కూడా జన్యుశాస్త్రవేత్తే. భార్యాభర్తలిద్దరూ తేనెటీగల నాట్యంలో దాగిన సమాచారం ఎంతో గణితంతో కొలిచి 1954లో ప్రచురించారు. ఇండియాకు వచ్చాక ఆమె, సురేశ్ జయకర్‌తో కలిసి మట్టిగూళ్లు కట్టే కందిరీగల వెంట పడింది. మన గోడ మూలల్లో, తలుపు సందుల్లో ఒంటరిగా గూడు కట్టుకునే ఆ జాతి శాస్త్రీయ నామంలోనే మద్రాసు పేరుంది. భర్త పోయాక కూడా ఆమె ఈ దేశం విడిచి వెళ్లలేదు. 1978లో హైదరాబాదులో కన్నుమూసింది.

తండ్రి లేడు, తాత ఉన్నాడు

హాల్డేన్ వ్యాసంగా రాసి వదిలేసిన లెక్కను సూత్రంగా మలిచింది లండన్‌లో పిహెచ్‌.డి. చేస్తున్న ఒక ఒంటరి విద్యార్థి, విలియం హామిల్టన్. తన విషయం ఎవరికీ పెద్దగా పట్టని రోజుల్లో, గదిలో ఒంటరితనం భరించలేక వాటర్లూ రైల్వే స్టేషన్ బెంచీల మీద కూర్చుని సమీకరణాలు రాసుకున్నాడు. 1964లో వచ్చిన ఆయన రెండు భాగాల పత్రం పేరు తెలుగులో చెబితే 'సామాజిక ప్రవర్తన జన్యుపరిణామం'. సారాంశం ఒక్క వాక్యం: సాయం పొందినవాడికి కలిగే మేలును మీ ఇద్దరి చుట్టరికపు వాటాతో గుణించండి, అది సాయం చేసినవాడి నష్టం కంటే ఎక్కువైతే ఆ గుణం తరాల్లో నిలుస్తుంది.

ఇక్కడే ఈగలు, చీమలు, కందిరీగల కుటుంబ వ్యవహారం చిత్రమైన మలుపు తిరుగుతుంది. పొడుపుకథలా ఉంటుంది వినండి. మగ తేనెటీగకు తండ్రి లేడు, తాత ఉన్నాడు. కొడుకులు పుట్టరు, మనవలు పుడతారు. విప్పితే ఇంతే: ఫలదీకరణ జరిగిన గుడ్డు ఆడది అవుతుంది, జరగని గుడ్డు మగది అవుతుంది. ఆడ తేనెటీగలో 32 క్రోమోజోములు, పోతుటీగలో 16. పోతుటీగలు తండ్రి లేకుండా పుడతాయని 1845లోనే చెప్పినవాడు జాన్ జియర్జోన్ అనే చర్చి ఫాదరీ. తేనెటీగల పెంపకం ఆయన వ్యసనం.

దీనివల్ల ఏమవుతుంది? తండ్రి దగ్గర ఉన్నదే జతలో ఒక సగం. అది కూతుళ్లందరికీ ముక్క తగ్గకుండా వస్తుంది. తల్లి వైపు నుంచి వచ్చినదాంట్లో సగం కలుస్తుంది. కూడితే అక్కచెల్లెళ్ల మధ్య చుట్టరికం ముప్పావు. సొంత కూతురితో మాత్రం సగమే. అంటే ఈ లోకంలో బిడ్డ కంటే చెల్లెలే దగ్గరి చుట్టం! సొంత గూడు పెట్టుకోవడం మాని, తల్లి గూటిలో చెల్లెళ్లను పెంచడమే లాభసాటి బేరం.

ముడి విడిపోయిందని చాలామంది సంబరపడ్డారు. కానీ లెక్కను రెండోసారి కూడితే తేడాలు బయటపడ్డాయి. తమ్ముడితో చుట్టరికం పావు వంతే. చెల్లెలు, తమ్ముడు కలిపి సగటు తీస్తే మళ్లీ సగమే. పైగా తేనెటీగ రాణి ఒక్క మగడితో ఆగదు, పదీ ఇరవై పోతుటీగలతో జతకడుతుంది. ఒకే గూటిలో పుట్టిన ఆడవాళ్లలో ఎక్కువమంది సవతి అక్కచెల్లెళ్లే.

అసలు దెబ్బ మన గుమ్మంలోనే ఉంది. తొలకరి పడ్డ సాయంత్రం గుడివాడ వీధిదీపాల చుట్టూ ముసిరే ఉసిళ్లు గుర్తున్నాయా? అవి రెక్కలొచ్చిన చెదపురుగులు. మగదీ ఆడదీ రెక్కలు రాల్చుకుని, జంటగా మట్టిలోకి దూరి కాపురం పెడతాయి. చెదపుట్టలో రాణి పక్కన రాజు కడదాకా ఉంటాడు. అందరికీ తల్లీ తండ్రీ ఉంటారు. కూలి చెదల్లో ఆడవీ మగవీ రెండూ ఉంటాయి. వాటి వంశం చీమల వంశం కానే కాదు, బొద్దింకల వంశం. ముప్పావు లెక్క ఏమాత్రం వర్తించని చోట కూడా చీమల్ని తలదన్నే సంఘం కట్టేశాయి. ముప్పావు వంతు చుట్టరికం ఉంటేనే సంఘం పుడుతుందన్న మాట ఇక్కడ తేలిపోయింది.

కిటికీ మీద మెతక రాణి

ఆ పైన కథ నడిచింది బెంగళూరులో. రాఘవేంద్ర గదగ్‌కర్ ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో డాక్టరేట్ చేసింది అణుజీవశాస్త్రంలో. మనసు మాత్రం కిటికీల మీది కందిరీగల దగ్గర ఉండిపోయింది. 1979లో పట్టా వచ్చాక సరదానే వృత్తి చేసుకున్నాడు. ఆయన ఎంచుకున్నది దక్షిణ భారతంలో ఇళ్ల చూర్ల కింద విరివిగా కనిపించే 'రోపాలిడియా మార్జినేటా'. ఈ ఒక్క జాతి మీదే 2001లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం ఆయన పుస్తకం వేసింది.

ఈ కందిరీగలో రాణికీ కూలికీ ఒంట్లో తేడా లేదు. చూసి చెప్పలేం. అందుకే ఒక్కోదాని వీపు మీద రంగు చుక్క పెట్టి, గూటి ముందు గంటలకు గంటలు కూర్చుని, ఎవరు ఎవరిని తరిమారు, ఎవరు ఎవరికి తిండి పెట్టారు అన్నది నోటుబుక్కులోకి ఎక్కించాలి. అలా చూస్తే తెలిసిందేమిటంటే, ఈ గూటి రాణి గద్దించే రకం కాదు, మహా మెతకది. ఆ రాణిని తీసేస్తే మాత్రం నిమిషాల్లో ఒక కూలి ఈగ శివాలెత్తుతుంది, అందరి మీదా విరుచుకుపడుతుంది. కొద్దిరోజుల్లో తానూ మెత్తబడి గుడ్లు పెడుతుంది. అదే కొత్త రాణి.

మరి వారసురాలెవరో గూటిలోవాళ్లకు ముందే తెలుసా? గదగ్‌కర్ దగ్గర డాక్టరేట్ చేసిన అనిందితా భద్ర ఈ ప్రశ్నకు చక్కని ఉపాయం పన్నింది. గూటిని రెండుగా కోసి మధ్యలో తీగజాలి పెట్టింది. రాణి ఒకవైపు ఉంటే, రెండోవైపు ఒకటి పెత్తనానికి లేచింది. అప్పుడు రాణిని ఆ వైపుకు మార్చింది. ఖాళీ అయిన వైపు ఇంకొకటి లేస్తే మొదటిది గొడవ లేకుండా పక్కకు తప్పుకుంది. మనకు కనిపించని వరస గూటిలోవాళ్లకు తెలుసని 2008లో వాళ్లు ప్రకటించారు. ఆ భద్ర ఇప్పుడు కోల్‌కతా ఐసర్‌లో వీధికుక్కల సంఘజీవితం చదువుతోంది.

జన్యులెక్క కూడా ఇక్కడే తేలింది. 1986లో ఈ బృందం కూతుళ్ల ఒంట్లోని ఎంజైములను విద్యుత్‌తో వేరుచేసి చూసి, ఒక్కో రాణి ఒకటి నుంచి మూడు మగ ఈగలతో జత కడుతోందని కనిపెట్టింది. అక్కచెల్లెళ్ల చుట్టరికం 0.75 అనుకున్నది 0.53 దగ్గర నిలిచింది. దానికి తోడు రాణులు మారుతుంటారు. అంటే కూలి ఈగ పెంచుతున్నది చెల్లెళ్లనే కాదు, అక్క పిల్లల్ని, పినతల్లి పిల్లల్ని కూడా. రక్తసంబంధం ఇంత పలచబడ్డాక గూడు ఎందుకు చెదిరిపోలేదు?

గదగ్‌కర్ ఇచ్చిన జవాబుల్లో ఒకటి ఉమ్మడి కుటుంబంలో పెరిగినవాళ్లకు ఇట్టే ఎక్కుతుంది. ఒంటరిగా గూడు పెట్టిన తల్లి, పిల్లలు ఎదిగేలోపే చస్తే పడ్డ కష్టమంతా బూడిదలో పోసినట్టే. ఉమ్మడి గూటిలో సగంలో పోయినా, మొదలుపెట్టిన పనిని మిగతావాళ్లు పూర్తిచేస్తారు. పైగా ఈ ఈగల్లో అందరికీ సమాన శక్తి లేదు. విడిగా ఉంచి, కావలసిన తిండి పెట్టినా దాదాపు సగం ఆడవి గూడు పెట్టి గుడ్లు పెట్టలేకపోయాయి. చేతకానిదానికి ఉమ్మడి గూడే దిక్కు.

ఒకే గుడ్డు, రెండు బతుకులు

తేనెటీగల పట్టులో రాణికీ కూలికీ తేడా కొట్టొచ్చినట్టు ఉంటుంది. పెంపుడు తేనెటీగల్లో రాణి ఏళ్ల తరబడి బతుకుతుంది. పూల కాలంలో కూలి ఈగ ఆయుష్షు ఆరు వారాలు. అయినా రెండూ వచ్చింది ఒకే రకం గుడ్డు నుంచి. మొదటి మూడు రోజులూ ఇద్దరికీ రాయల్ జెల్లీ అనే తిండే. తర్వాత కూలి కాబోయేదానికి తిండి మారుతుంది, రాణి కాబోయేదానికి అదే కొనసాగుతుంది. గుడ్డు పెట్టిన 16వ రోజుకు రాణి, 21వ రోజుకు కూలి ఈగ గది చీల్చుకుని బయటికొస్తాయి.

చిలకలపూడి కంసాలికి చెబితే నవ్వుతాడేమో. ఆయన చేతిలో లోహం అదే, పైన పూతతో నగ మారుతుంది. కానీ గీకితే రాగి రాగే. తేనెటీగలో ఆ పూత లోపలికి దిగి అండాశయం దాకా మార్చేస్తుంది. ఎలా? 2008లో కాన్‌బెర్రాలో రిషార్డ్ మలేష్కా బృందం పసి లార్వాల్లో ఒక ఎంజైము నోరు నొక్కింది. డి.ఎన్‌.ఎ. మీద చిన్న రసాయన ముద్రలు వేసి, కొన్ని జన్యువులను పలకనివ్వడం ఆ ఎంజైము పని, కొన్నింటిని పలకకుండా చేయడం కూడా. అది మూగబోగానే, కూలి కావలసినవాటిలో ఎక్కువ భాగం రాణులై లేచాయి. రాణికి వేరే జన్యువులేమీ లేవు. ఉన్న జన్యువుల్లో ఏవి పలుకుతాయన్నదే తేడా.

ఇక్కడ ఒక మాట మనకు ప్రత్యేకంగా పనికొస్తుంది. కీటకాల్లో రాణి, కూలి, సైనికుడు అన్న విభజనకు ఇంగ్లీషు పుస్తకాలు వాడే మాట 'క్యాస్ట్'. మనకు అది వినగానే కులం గుర్తుకొస్తుంది. కానీ తేనెపట్టులో ఆ 'కులం' పుట్టుకతో రాదు. ఫలదీకరణ జరిగిన ఏ గుడ్డయినా రాణి కావచ్చు. అమెరికాలోని కొన్ని గింజచీమల్లో పుట్టుకే తేల్చే సందర్భాలూ ఉన్నాయి గానీ అవి అరుదు. 'అంతా ప్రకృతి ధర్మం' అని మనుషుల అంతస్తులకు కీటకాలను సాక్ష్యం పిలిచేవాళ్లకు ఈ సాక్షి ఎదురు తిరుగుతుంది.

సంఘం మాట వినే జన్యువు

కూలి ఈగ పుట్టగానే పూల వెంట పడదు. మొదటి రెండు మూడు వారాలు పట్టులోనే దాది పని, తర్వాతే బయటి పని. ఇలినాయ్‌లో జీన్ రాబిన్సన్ బృందం 2002లో చూపిందేమిటంటే, బయటికెళ్లే ఈగల మెదడులో ఒక జన్యువు దాదుల కంటే జోరుగా పనిచేస్తుంది. వయసు వల్లనా? పట్టులో పెద్ద ఈగలు లేకుండా చేస్తే వారం వయసు పిల్లలే బయటికి పరుగెత్తాయి, వాటి మెదడులోనూ ఆ జన్యువు జోరందుకుంది. జన్యువు ఈగను నడుపుతుందనుకుంటాం. ఇంట్లో మనుషులు తక్కువైతే జన్యువునే ఇల్లు నడుపుతోంది.

దీనికి పూర్తి విరుద్ధమైన కథ అమెరికాలో పాకిన ఒక ఎర్రచీమది. ఆ జాతిలో కొన్ని పుట్టల్లో ఒకే రాణి, కొన్నింటిలో పదుల రాణులు. తేడాకు మూలం ఒక క్రోమోజోములో 600 దాకా జన్యువులు ఒక్క మూటగా బిగుసుకుపోవడమేనని 2013లో తేలింది. బహురాణుల పుట్టలోని కూలి చీమలు, ఆ మూట లేని రాణి గుడ్లు పెట్టబోతే చంపేస్తాయి. ఇక్కడ జన్యువు ఇనుపగొలుసు.

ఈ రెండింటికీ నడుమ నిలుస్తుంది వాల్టర్ రోతన్‌బ్యూలర్ ప్రయోగం. కొన్ని పట్టుల్లో కూలి ఈగలు, రోగంతో చచ్చిన పిల్లల గదులకు మూత విప్పి శవాన్ని బయట పారేస్తాయి. కొన్ని పట్టుల్లో పట్టించుకోవు. రెండింటినీ కలిపి, మళ్లీ శుభ్రత జాతితో కలిపితే 29 పట్టులొచ్చాయి. 6 పట్టుల్లో పూర్తి శుభ్రత. 9 పట్టుల్లో మూత విప్పి ఊరుకున్నాయి. మిగతా 14 మూతే విప్పలేదు. కానీ మనిషి మూత విప్పి పెడితే వాటిలో 6 పట్టులవాళ్లు శవాన్ని లాగేశారు! మూత విప్పడానికి ఒక జన్యువు, పారేయడానికి ఇంకొకటి అని 1964లో ఆయన ఊహించాడు. తర్వాతి పరిశోధనల్లో ఇంకా ఎక్కువ జన్యువుల పాత్ర కనబడింది గానీ, ప్రవర్తనను కూడా పసుపు బఠాణీ, పచ్చ బఠాణీలా లెక్కపెట్టవచ్చని చూపిన పాఠం అది.

అన్నీ కలిపి చూస్తే తేలేది ఇది: చుట్టరికం గుమ్మం దాకా తీసుకొస్తుంది. లోపల ఎవరు ఏ పీట మీద కూర్చోవాలో చాలాసార్లు అన్నమూ అవసరమూ తేలుస్తాయి.

మన ఇంట్లో మొదలుపెట్టాలంటే

ఈ పరిశోధనకు తొలి పరికరం ఓపిక. చూరు కింది గూటిని సురక్షితమైన దూరం నుంచి రోజూ ఒకే వేళకు అరగంట చూడండి. ఎన్ని గదులు పెరిగాయి, ఎన్ని ఈగలు వచ్చిపోయాయి, ఏది కదలకుండా కూర్చుంది, రాసుకోండి. కుట్టుడు పడని ఒళ్లయితే దూరంగానే ఉండండి. జీవశాస్త్రం చదివే పిల్లలకు తిరుపతిలో ఐసర్, హైదరాబాదులో సి.సి.ఎం.బి., బెంగళూరులో ఎన్‌.సి.బి.ఎస్‌. ఉన్నాయి. అక్కడ కంప్యూటరు, డి.ఎన్‌.ఎ. యంత్రం ఇస్తారు. ప్రశ్న మాత్రం వెంట తీసుకెళ్లాలి.

కాకినాడలో కొన్ని ఎముకలు

హామిల్టన్ పత్రం వెలువడిన 1964లోనే, డిసెంబరు 1న, భువనేశ్వర్‌లో హాల్డేన్ క్యాన్సర్‌తో పోయాడు. తన దేహం తనకిక పనికిరాదు గనుక ఇతరులకు పనికిరావాలని రాసిపెట్టాడు. ఆ మాట ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి చేర్చారు. అస్థిపంజరాన్ని అక్కడ భద్రపరిచారు.

ఆయనకు పిల్లల్లేరు. తోబుట్టువుల బిడ్డకు ఎంత వాటా, పినతల్లి కొడుకుకు ఎంత వాటా అని లోకానికి లెక్క నేర్పినవాడు, ఏ వాటా లేని గోదావరి జిల్లాల పిల్లలకు డాక్టరు చదువు కోసం ఒళ్లప్పగించి వెళ్లాడు. కాలువలోకి దూకేటప్పుడు లెక్కకు తీరిక లేకపోయింది. వీలునామా రాసేటప్పుడు తీరిక ఉంది, అయినా లెక్క వేయలేదు.

చిలకలపూడి చూరు కింద కందిరీగ మాత్రం లెక్క తెలియకుండానే లెక్కలో బతుకుతోంది. ఈసారి పొగ పెట్టబోయే ముందు అరగంట ఆగి చూడండి. దానిది మామ్మ చెప్పిన కుట్టుడు ఒక్కటే కాదు, చుట్టరికమూ ఉంది.